ఎర్ర త్రికోణం కింద ఉయ్యాల

చోడవరం
1972 ఆగస్టు 20

తమ్ముడు దేవకుమార్‌కి,

లండన్‌లో నువ్వు పోస్టు చేసిన ఉత్తరం నలభై రోజులకి మా గుమ్మంలో పడింది. దేవుని దయ వల్ల ముగ్గురం బాగున్నాం. పాపకి అయిదో ఏడు వచ్చింది. ఓడలో ఉన్న మావయ్య ఎప్పుడొస్తాడని పొద్దున్న లేస్తే అదే గొడవ.

రోడ్డు పక్కన రాళ్ళ మీద రంగుసుద్దలతో బొమ్మలేసే ముసలాయన గురించి రాసేవు కదా, అది మీ బావకి రెండుసార్లు చదివి వినిపించేను. వానొస్తే పోయే బొమ్మకి రోజంతా ఎందుకు కష్టపడతాడు అని అడిగేడు మీ బావ. నాకు మాత్రం అర్థమయింది. చెప్పడం రాదు గానీ అర్థమయింది.

నీకో సంగతి రాస్తన్నాను, ఎవరికీ చెప్పకు. బెల్లం బస్తాల మీద షావుకార్ల మార్కులకి మీ బావ రేకుల్లో అచ్చులు కోస్తాడని నీకు తెలుసు. సత్యరాజు కోత అంటే అనకాపల్లి దాకా పేరు. కానీ ఏడాదిగా మీ బావకి కుడిచెయ్యి వణుకుతంది. అన్నం ముద్ద కూడా ఒక్కోసారి జారిపోతాది. అప్పట్నుంచి కోత నాది. రేకు నా చేతికి లొంగదు, అందుకని ఆస్పత్రి కాంపౌండరు పారేసిన ఎక్స్‌రే ఫిలిములు తెచ్చుకుని, వేడినీళ్ళలో కడిగి బ్లేడుతో కోస్తన్నాను. ఎవరి ఎముకలో ఏటో. ఆడది కోసిందని తెలిస్తే షావుకార్లు పని ఇవ్వరు, మార్కు కలిసిరాదంటారు. కాబట్టి పేరు మీ బావదే, అలాగే ఉండాలి.

సరదాకి కోసిన కొంగ బొమ్మ ఒకటి కాగితం మీద అద్ది ఇందులో పెడుతున్నాను. అలాటి మనుషులు ఇంకెక్కడన్నా కనపడితే వదలకుండా రాయి. నేను విశాఖపట్నం దాటి ఎరగను.

నీ అప్ప,
మణి

*

వాల్పరైసో
1972 నవంబరు 11

అప్పకి,

నీ కొంగని చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. ఇది చిలీ దేశం. ఊరంతా కొండ మీదకి పాకినట్టుంటాది, ఎక్కడ చూసినా గోడలే. సింహాచలం మెట్లెక్కినట్టు ఎక్కాలి.

నువ్వు అడిగిన మనిషి దొరికేడు. పేరు ఉగో. రేవులో మూటలు మోసే పని. పని దిగేక పదిమంది స్నేహితుల్ని వేసుకుని గోడల మీద పడతాడు. ఒకడు గీత గీసుకుపోతే వెనకాల ఇంకొకడు రంగు నింపుతాడు, ఆ వెనక ఇంకొకడు నల్లంచు దిద్దుతాడు. నాట్లేసినట్టు వరసగా వెళ్ళిపోతారు. నేను ఒక సిగరెట్టు కాల్చేలోపు పాతిక గజాల గోడ అయిపోయింది. అక్షరాలకి, చేతులకి, చేపలకి ఉగో అట్టపెట్టెల్లో అచ్చులు కోసుకుని తెస్తాడు.

నీ కొంగ చూపించేను. చాలాసేపు ఎండకెత్తి పట్టుకు చూసేడు. మా ఓడ వంటవాడికి వాళ్ళ భాష వచ్చు, వాడు చెప్పేడు: అచ్చులో లోపలి ముక్క ఊడిపోకుండా సన్నటి కట్టు వదలాలి కదా, ఆ కట్టు ఎక్కడ వదిలిందో కనపడకుండా ఈకల్లో కలిపేసింది, ఇది కోసినావిడ ఎవరు అని అడిగేడట. మా అప్ప అన్నాను. టోపీ తీసేడు.

నువ్వు బస్తాల దగ్గర ఆగిపోయే మనిషివి కావు. ఆ మాట ఉగోది కాదు, నాది.

దేవకుమార్

*

వాల్పరైసో
1974 ఏప్రిల్ 3

అప్పకి,

మళ్ళీ ఇక్కడికే వచ్చింది ఓడ. ఈ మధ్యలో ఇక్కడ మిలిటరీవాళ్ళ రాజ్యం వచ్చింది. గోడలన్నిటికీ తెల్లసున్నం కొట్టేసేరు. ఉగో కనపడలేదు. పెళ్ళి చేసుకుని దక్షిణాన ఏదో ఊరు వెళ్ళేడని చెప్పేరు. వాడు ఎక్కడున్నా బొమ్మలు మానడు.

ఎక్కువ రాయడానికి టైము లేదు. పాపకి ముద్దులు.

దేవకుమార్

*

లిస్బన్
1975 అక్టోబరు 9

అప్పకి,

ముందు శుభవార్త. నీ కొంగ లిస్బన్‌లో ఉంది. ట్రాము స్టాపు ఎదురుగా ఉన్న గోడ మీద, ఒకటి కాదు పద్నాలుగు, వరసగా ఎగురుతున్నాయి.

ఈ దేశంలో నిరుడు పాత ప్రభుత్వం పడిపోయింది. అప్పట్నుంచి జనం గోడల మీదే మాట్లాడుకుంటన్నారు. అక్కడ లూర్దెస్ అని ఒకావిడ పరిచయమయింది. నీ వయసే ఉంటాది. పగలు మిల్లులో బట్టలు కుడతాది, ఆదివారం గోడలకి అచ్చులేస్తాది. ఆవిడా నీలాగే ఎక్స్‌రే ఫిలిముల మీదే కోస్తాది. అది చూసి నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నావంటే నీ సంగతి చెప్పేను. కొంగ కాగితం తీసుకుని, దాని మీద ఫిలిము పెట్టి తనూ ఒకటి కోసుకుంది. కట్టు దగ్గర మూడుసార్లు తప్పింది. ఆఖరికి కుదిరేక కింద నీ పేరు రాయమంది. నేనే రాసేను, తెలుగులో, మణి అని. దారినపోయేవాళ్ళు అదొక బొమ్మనుకుంటన్నారు.

బొమ్మ కింద పేరు లేకుండా ఎన్నాళ్ళు బతుకుతావు అప్పా? చోడవరంలో గోడలు లేవా?

దేవకుమార్

*

చోడవరం
1976 జనవరి 18

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి వంటింట్లోకి పోయి కాసేపు కూర్చున్నాను. మీ బావ ఏడుస్తన్నావా అన్నాడు. లేదన్నాను. పద్నాలుగు కొంగలు! నేను ఎప్పటికీ చూడని ఊళ్ళో నా పేరు.

ఇక్కడ పని బాగానే ఉంది. కుటుంబ నియంత్రణ బొమ్మలు గోడలకి వెయ్యమని మీ బావకి కాంట్రాక్టు వచ్చింది. తల్లకిందులుగా ఎర్ర త్రికోణం, పక్కన అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలు. చోడవరం, గోవాడ, రావికమతం రోడ్డు, ఎక్కడ గోడుంటే అక్కడ. అచ్చులు నేనే కోసేను. రంగు మీ బావ ఎడమచేత్తో అద్దుతాడు. ఎవరూ కనిపెట్టలేదు.

మా పక్కింటి అప్పలమ్మ కొడుకు పరదేశి నీకు గుర్తుండాలి. నువ్వు ఓడెక్కేటప్పటికి తూనీగల వెంటపడే గుంటడు. ఇప్పుడు చెరుకు బళ్ళు తోలతన్నాడు. ఇరవై రెండేళ్ళు. మొన్న గోవాడలో పిల్లని చూసొచ్చేరు. మొగుడు పోయిన దగ్గర్నుంచి ఆ ఒక్కడి మీదే ఆశ పెట్టుకు బతికింది అప్పలమ్మ. మనవడికి ఇప్పట్నుంచే బొంత కుడతంది.

మణి

*

చోడవరం
1976 అక్టోబరు 14

తమ్ముడికి,

మీ బావని పోలీసులు తీసుకెళ్ళి తొమ్మిది రోజులయింది.

మొదట్నుంచీ రాస్తాను. శ్రావణంలో రావికమతం రోడ్డు గొడౌనులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ల కేంపు పెట్టేరు. ఊరికి ఇంతమంది అని లెక్కట. లెక్క చాలక ఆ రోడ్డులోనే బస్సు ఆపి మగోళ్ళని దింపేరు. అందులో పరదేశి ఉన్నాడు. పెళ్ళి కాలేదు బాబూ, ముహూర్తం పెట్టుకున్నాం అని కాళ్ళు పట్టుకున్నాడట. ఆపరేషను చేసేసి మూడో నాడు ఇంటికి పంపేరు. సంగతి తెలిసి గోవాడవాళ్ళు తాంబూలాలు వెనక్కి పంపేసేరు. అప్పట్నుంచి గోడవేపు తిరిగి పడుకుంటన్నాడు. తల్లి అన్నం పెడితే తినడు, పలకరిస్తే పలకడు.

తరవాత ఓ రోజు ఊళ్ళో ఎర్ర త్రికోణాల కింద నల్లరంగుతో ఒక బొమ్మ కనపడింది. చీర ఉయ్యాల. త్రికోణం మొన కొక్కెం అయినట్టు దానికి వేలాడుతాది. లోపల పిల్ల ఉండదు. మాట ఒక్కటీ రాయలేదు. పదకొండు గోడల మీద ఉంది. జనం ఆగి చూసి వెళ్ళిపోతన్నారు.

ఎవరు వేసేరో తెలీదు. కానీ ఇంత సన్నంగా కోసేవాడు ఈ తాలూకాలో సత్యరాజు ఒక్కడే అని ఎవరో చెప్పేరట. త్రికోణాలు వేసిందీ అతనే కదా అన్నారు. అన్నం తింటన్న మనిషిని లేపి తీసుకెళ్ళేరు. ఏ స్టేషనో వారం దాకా తెలీలేదు. బస్సు మారి వెళ్ళేను, చూడనివ్వలేదు. ఎమర్జెన్సీ అమ్మా, వకీలు కూడా లాభం లేదు అన్నాడు గుమ్మంలో కానిస్టేబులు.

పాప నన్ను వదలటం లేదు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

మణి

*

నేపుల్స్
1976 అక్టోబరు 30

అప్పకి,

జనవరి తరవాత నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. అలిగేవా? లిస్బన్ నుంచి లూర్దెస్ కార్డు రాసింది. మణి కొత్తగా ఏం కోసింది, చోడవరం గోడల మీద ఏమేసింది, ఆ అచ్చు నాకూ పంపమను అంటంది.

ఇక్కడ ఒక తండ్రీ కూతురూ గుడిముందు రాళ్ళ మీద మరియమ్మ బొమ్మ వేస్తన్నారు. జనం దాని చుట్టూ తిరిగి పోతారు గానీ ఒక్కడూ తొక్కడు. నువ్వుంటే బాగుణ్ణు. ఏదన్నా వేసి ఉంటే ముందు నాకు చెప్పు. భయపడకు, గోడ మీద బొమ్మకి ఎవరేం చేస్తారు.

దేవకుమార్

*

చోడవరం
1976 నవంబరు 16

తమ్ముడికి,

నీ నేపుల్స్ ఉత్తరం ఇవాళొచ్చింది. నా ఉత్తరం నీకింకా అందలేదన్నమాట. ఇది స్కూలు మేష్టారు కామేశం గారి చేతికిచ్చి విశాఖపట్నంలో పోస్టు చేయిస్తన్నాను. ఇక్కడ ఉత్తరాలు విప్పుతారని భయం. అందుకే క్రితంసారి అబద్ధం రాసేను.

ఆ ఉయ్యాల నేనే కోసేను.

అప్పలమ్మ వచ్చి మా గుమ్మంలో కూర్చుంది, తమ్ముడూ. ఏమీ అడగలేదు. ఏడవనూ లేదు. ఒళ్ళో ఆ బొంత పెట్టుకుని పొద్దుగుంకేదాకా అలా కూర్చుంది. ఆ త్రికోణం అచ్చు కోసిన చెయ్యి నాదే కదా. ఆవిడ వెళ్ళేక ఫిలిము తీసేను. నాలుగు రోజులు, పట్టపగలే వేసేను. కేరేజీలో అన్నానికి బదులు రంగు డబ్బా పెట్టుకుని, మొగుడికి కూడు పట్టుకెళ్తన్నట్టు వెళ్ళేను. నన్ను ఎవరు చూస్తారు? కాంట్రాక్టరు పెళ్ళాం రంగు దిద్దుతంది అనుకున్నారు. ఒక కానిస్టేబులు పక్కకి తప్పుకుని దారి కూడా ఇచ్చేడు. ఆ నాలుగు రోజులూ నేను నేనుగా ఉన్నాను. దానికి దేవుడు నన్ను క్షమించాలి.

మొన్న మీ బావని చూడనిచ్చేరు. మనిషి సగమయ్యేడు. ముందు నేనెరగనన్నాడట. తరవాత నేనే కోసేను అని ఒప్పుకున్నాడట. అయితే కొయ్యి అని ఫిలిము, బ్లేడు చేతికిచ్చేరు. చెయ్యి వణికి బ్లేడు జారిపోయింది. నటిస్తన్నాడని ఆ చేతినే కొట్టేరు. నీ వెనకాల ఎవరున్నారు, పేర్లు చెప్పు అంటన్నారు. ఏ పేర్లు చెప్తాడు?

నేను వచ్చి నిజం చెప్పేస్తానన్నాను. ఊచల్లోంచి నా కొంగు పట్టుకున్నాడు.

"నువ్వు నోరిప్పకు మణీ. పాపకి ఒకళ్ళం మిగలాలి."

నోరు మూసుకుంటే ఆయన చచ్చిపోతాడు. తెరిస్తే పాప తల్లి లేనిదవుతాది. బ్లేడు చూస్తే నా వేళ్ళే నరుక్కోవాలనిపిస్తంది. నువ్వు ఇన్ని దేశాలు తిరిగేవు, ఇంతమందిని చూసేవు. వాళ్ళని ఎవరూ పట్టుకోలేదా? ఉగోని పట్టుకోలేదా? పట్టుకుంటే ఎలా బయటపడ్డాడు? నీకు తెలిసింది తెలిసినట్టు రాయి. నాకు ఇంకో దారి లేదు.

మణి

*

మార్సెయిల్స్
1976 డిసెంబరు 12

అప్పా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి ఏజెంటు ఆఫీసులో ఇచ్చేరు. అక్కడే కాగితం అడిగి ఇది రాస్తన్నాను.

ఉగో పెళ్ళి చేసుకోలేదు. దక్షిణాదికి వెళ్ళలేదు. మిలిటరీ వచ్చిన వారంలోనే రేవులో అందరి ఎదుటా పట్టుకుపోయేరు. రెండోసారి వెళ్ళినప్పుడు వాళ్ళమ్మని చూసేను. కొడుకు చొక్కా ఉతికి, మడతపెట్టి, రోజూ మిలిటరీ జైలు గేటు దగ్గరికి తీసుకెళ్తంది. గేటువాడు తీసుకోడు. మళ్ళీ ఇంటికి తెచ్చి మళ్ళీ ఉతుకుతాది. వాడు ఆ గేటు దాటి రాలేదు. రాడని ఊళ్ళో అందరికీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

నాకిది రెండున్నరేళ్ళుగా తెలుసు. నువ్వు భయపడి బ్లేడు పక్కన పడేస్తావని దాచేను. అంతే కాదు. గోడలున్నాయి కదా అని నిన్ను తోసింది నేను. బొమ్మల సంగతి రాసి వాటి వెల దాచేను. లిస్బన్‌లో నీ పేరు రాస్తన్నప్పుడు నాకెంత గొప్పగా ఉందో, ఇప్పుడు అంత సిగ్గుగా ఉంది.

నీ కాళ్ళు పట్టుకుంటాను, స్టేషనుకి వెళ్ళకు. అచ్చులు, ఫిలిములు అన్నీ కాల్చేసి పాపని తీసుకుని రాజమండ్రి పిన్ని దగ్గరికి వెళ్ళిపో. ఒప్పందం మే నెల దాకా ఉంది, ఎంత బతిమాలినా కెప్టెన్ దిగనివ్వటం లేదు. ఈ ఉత్తరం నీకు ముందే అందాలి. అందాలని మోకాళ్ళ మీద ఉన్నాను.

దేవకుమార్

*

చోడవరం
1977 మార్చి 30

తమ్ముడికి,

నీ ఉత్తరం నాకు జైల్లో అందింది. మీ బావ ములాఖత్‌కి వచ్చినప్పుడు చదివి వినిపించేడు. ఆలస్యమైపోయింది. నేను డిసెంబరు మూడునే వెళ్ళిపోయేను.

పాపని అప్పలమ్మకి అప్పజెప్పి వెళ్ళేను. నేనే కోసేనంటే స్టేషన్లో నవ్వేరు. మొగుణ్ణి విడిపించుకోడానికి భలే కథ తెచ్చేవు అన్నాడు ఎస్సై. ఫిలిము, బ్లేడు నేనే పట్టుకెళ్ళేను. బల్ల మీద ఒక మూల ఖాళీ చెయ్యమని అడిగి కొయ్యడం మొదలెట్టేను. చీర మడతల దగ్గరికి వచ్చేసరికి ఒక ముసలి కానిస్టేబులు నాకు వెలుతురు తగిలేలా కిటికీ తలుపు తీసి పట్టుకున్నాడు. అయ్యేక, గోడ మీది బొమ్మకి కాగితం ఆనించి వాళ్ళు గీసుకొచ్చిన నకలు మీద పెట్టి చూసేరు. గీతకి గీత సరిపోయింది.

"నీ చేత ఎవరు చేయించేరు?" అని అడిగేడు ఎస్సై.

"అప్పలమ్మ మా గుమ్మంలో కూర్చుందండి," అన్నాను.

అది రాసుకోలేదు. మీ బావని రెండు రోజులకి వదిలేసి, నన్ను జైలుకి పంపేరు. ఎమర్జెన్సీ ఎత్తేసేక మొన్న ఇరవై నాలుగున బయటికొచ్చేను. మీ బావ కుడిచెయ్యి ఇంక లేవదు. వేళ్ళు ముడుచుకుపోయేయి. అన్నం నేను కలిపి పెడతన్నాను. నీ మూలాన అని ఒక్కసారీ అనలేదు. అంటే బాగుణ్ణు.

ఉగో సంగతి. నువ్వు ముందే చెప్పుంటే నేను కోసేదాన్ని కాదు. పాపున్నాది కదా. నీ ఎదుట అబద్ధం ఎందుకు. దాచినందుకు నీ మీద కోపం ఉందో లేదో నాకే తెలీదు, కొన్నాళ్ళు నన్నడక్కు. కానీ జైల్లో ఉన్నన్నాళ్ళూ ఒకటే అనుకున్నాను. ఏం పోయినా, పరదేశి తరఫున ఒక మాట గోడెక్కింది, అది చాలు అని.

ఇంటికొచ్చిన రెండోనాడు పరదేశి వచ్చేడు. ఏడు నెలల తరవాత గుమ్మం దాటేడని అప్పలమ్మ వెనకాలే వచ్చింది. గడపవతలే నిలబడ్డాడు. ఏవుంది, దండం పెడతాడనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను తమ్ముడూ, రాయడానికి సిగ్గేస్తంది.

"ఆ బొమ్మ నాదేనా అప్పా?"

అవునన్నాను.

"సెరిపీ," అన్నాడు. "ఏ ఈదిలోకెళ్ళినా నన్నే సూపిస్తన్నారు. పరదేశి ఉయ్యాలంట. కేంపుల ఒకపాలి సేసేరు. నువ్వు పదకొండు గోడల మీద సేసేవు."

వాడి గొడవ గోడకెక్కించేటప్పుడు వాణ్ణి అడగాలని నాకు తోచనే లేదు. గోడవేపు తిరిగి పడుకున్నవాణ్ణి లేపి అడగలేననుకున్నాను. అడగొచ్చు. పక్కిల్లే కదా.

సున్నం తడిపి మర్నాడు పొద్దున్నే బయల్దేరేం. వాడూ వచ్చేడు, బకెట్టు పట్టుకుని. మేం వద్దన్నా మీ బావ వెనకాల నడిచేడు. మార్కెట్టు గోడ, బస్సుస్టాండు గోడ, స్కూలు ప్రహరీ. నేను సున్నం కొడతంటే పరదేశి పక్కన నిలబడి పూర్తిగా పోయిందో లేదో చూస్తన్నాడు. సందుల్లో నల్లగా మిగిలితే వేలు పెట్టి చూపిస్తన్నాడు. జనం పోగయ్యేరు. ఎందుకు చెరుపుతున్నావు, బాగుంది కదా అన్నాడొకాయన. పరదేశి ఆయన వేపు చూసేడు. ఆయన వెళ్ళిపోయేడు. ఆ ఉయ్యాల కోతకి నాకెంతసేపు పట్టిందో నీకు రాయక్కర్లేదు. అన్నీ పోయేయి. పది.

పదకొండోది రావికమతం రోడ్డులో కేంపు పెట్టిన గొడౌను గోడ మీద ఉంది. అక్కడికి వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. తలుపులకి తాళాలు. నేను కుంచె సున్నంలో ముంచి ఎత్తేను. పరదేశి నా మణికట్టు పట్టుకున్నాడు. గొడౌను తలుపు వేపు చూసేడు.

"ఇది నాది కాదప్పా," అన్నాడు. "ఇది ఆళ్ళది. ఉండనీ."

బకెట్టులో మిగిలిన సున్నం అక్కడే తూములో పారబోసి ఇంటికి తిరిగొచ్చేం.

నీ అప్ప,
మణి